ఉల్లి వేయని ఏడాది

అడగనిదే చెప్పని నిజం అబద్ధం కిందికి వస్తుందా, రాదా? నాలుగేళ్ళుగా ఆయనకు ఇదే సందేహం. రోజూ పొద్దున్నే స్నానం చేసి, కళ్ళు మూసుకుని దేవుణ్ణి అదే అడుగుతాడు. దేవుడు ఏమీ అనడు. ఈయన కళ్ళు తెరిచి పనిలో పడతాడు.

ఆ రోజు కూడా అడిగి వంటింట్లోకి వచ్చాడు. కూతురు పళ్ళెం ముందు కూర్చుంది గానీ తినడం లేదు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి వ్యవసాయ మార్కెట్ బోర్డు నుంచి: పంటల ధరలు ముందుగా అంచనా వేసే ఉద్యోగం, పదిన్నరకు ఇంటర్వ్యూ. రెండోది బట్టల దుకాణం నుంచి: బిల్లులు రాసే పని, సోమవారం నుంచి రావచ్చు.

"బస్సు ఎనిమిదింటికి. ఇంకా తల కూడా దువ్వుకోలేదు," అంది తల్లి పొయ్యి దగ్గర నుంచే.

"నేను వెళ్ళడం లేదమ్మా. దుకాణంలోనే చేరతాను."

"ఆరేళ్ళ చదువే! వ్యవసాయ ఆర్థికశాస్త్రం అని తడబడకుండా పలకడానికే నాకు ఆర్నెల్లు పట్టింది. 'అది చదివితే ఏమొస్తుంది వదినా' అన్న ప్రతివాళ్ళకీ బ్యాంకులున్నాయి, పంటల బీమా ఉంది, పరిశోధన ఉంది, మార్కెట్ బోర్డు ఉంది అని పాఠంలా అప్పజెప్పాను. చివరికి చొక్కాల బిల్లులా?"

"చొక్కా బిల్లు తప్పు రాస్తే కొన్నవాడు వెనక్కొచ్చి దిద్దించుకుంటాడు. అక్కడ నేను తప్పు చెబితే, నమ్మి విత్తనం వేసినవాళ్ళు ఎక్కడికెళ్ళి దిద్దించుకుంటారు?"

ఆ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. నాలుగేళ్ళుగా ఆ గొంతు అంతే. చిన్నప్పుడు దారిన పోయే బస్తాలన్నీ లెక్కపెట్టి ఊళ్ళో 'లెక్కలమ్మ' అనిపించుకున్న పిల్ల, ఇప్పుడు ఎదుట ఎవరున్నారో కూడా చూడనట్టు మాట్లాడుతుంది.

ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. నాలుగేళ్ళ కిందటి మాట. అంతకుముందు ఏడు ఉల్లికి మంచి ధర పలికింది. రెండో సంవత్సరం చదువుతున్న ఆమె సెలవులకొచ్చి, రెండు పేజీల నిండా అంకెలు వేసి, "నాన్నా, ఈసారి అందరూ ఉల్లే వేస్తారు. కోతల నాటికి ధర పడిపోతుంది. మనం మొక్కజొన్న వేద్దాం," అంది. ఆయన వేశాడు. కోతల నాటికి ఉల్లి మూడింతలు పలికింది. మొక్కజొన్నకు పెట్టుబడి కూడా రాలేదు. ఆ దెబ్బకు వాగు పక్క పొలం అమ్ముకోవలసి వచ్చింది. కూతుర్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో.

"మీరైనా నోరు విప్పండి," అంది భార్య. "అలా రాయిలా నిలబడతారేం?"

నిజంగానే రాయిలా ఉంది ఆయనకు. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టుంది. బల్ల అంచు పట్టుకున్నాడు గానీ, పట్టుకున్నట్టు తెలియలేదు.

"అమ్మడూ, ఆ ఏడు నీ లెక్క తప్పలేదు."

"ఓదార్చకు నాన్నా. ఆ కాగితాలు ఎన్నిసార్లు తిరగేశానో నీకు తెలీదు. ఎక్కడా తప్పు దొరకలేదు. దొరికితే దిద్దుకునేదాన్ని. దొరక్కపోవడమే నా భయం. ఆ ఏడు ఉల్లి సాగు సగానికి సగం పడిపోయింది. ఎందుకు పడిందో మా మేష్టారికి కూడా అంతు చిక్కలేదు."

"నాకు తెలుసు."

తల్లి గరిటె పక్కన పెట్టి ఇటు తిరిగింది.

"మార్కెట్ యార్డు గేటు ఎదురుగా టీ కొట్టు ఉంది కదా, అక్కడ చెప్పేశాను. మా అమ్మాయి యూనివర్సిటీలో చదివి లెక్కగట్టింది, ఈ ఏడు ఉల్లి వేసినవాడు మునుగుతాడు అని."

"ఎంతమందికి?"

"మొదటి రోజు పదిమంది. మర్నాడు వాళ్ళే ఇంకో పదిమందిని వెంటేసుకొచ్చారు. పన్నెండు ఊళ్ళవాళ్ళు వచ్చే యార్డు కదమ్మా. తర్వాత ఎరువుల కొట్టులో. బస్సులో కండక్టరుకి..."

"కండక్టరుకి పొలముందా?"

"లేదు. ఊరికే చెప్పాను."

"ఇంట్లో మూడు మాటలు మాట్లాడని మనిషి!" అంది భార్య.

"నా కూతురి మాట తప్పితే అందరికీ నా డబ్బుతో టీ అని పందెం కూడా కాశాను. అందుకే యార్డుకి వెనక గేటు నుంచి వెళ్తున్నా."

కూతురు మొదటిసారి తలెత్తి సూటిగా చూసింది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు," అన్నాడు. ఆ మాట తన చెవికే ఎంత నీచంగా వినిపించిందో! ఆ సందేహంతో దేవుణ్ణి ఇన్నాళ్ళు విసిగించనక్కర్లేకపోయింది అనిపించింది. "కాదమ్మా. నా గొప్ప కోసం పొలం పోగొట్టానని చెప్పడానికి సిగ్గేసింది. నీ పొరపాటే అని నువ్వు అనుకున్నా, చిన్నపిల్లవి, నాలుగు రోజుల్లో మర్చిపోతావనుకున్నా."

ఆమె బల్ల మీద తల వాల్చింది. భుజాలు కదిలాయి. తల్లి పరుగున వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. కూతురు ఏడుస్తోంది, మధ్యలో నవ్వుతోంది కూడా.

"అందరూ వేయడం మానేస్తే ధర ఎందుకు పడుతుంది నాన్నా? నువ్వు నోరు మూసుకునుంటే గట్టెక్కేవాళ్ళం!" కళ్ళు తుడుచుకుంది. "నీ ఒక్కడి వల్లే అయ్యుండదులే. కొంత మాత్రం నీదే."

"కొంతంటే ఎంత?"

"తెలీదు. లెక్కగట్టాలి," అంది. లేచి దువ్వెన కోసం వెతికింది.

బస్సు ఆగేది టీ కొట్టు ముందే. ఆయన కూతురితో పాటు నాలుగేళ్ళ తర్వాత ఆ బెంచీల మధ్య నిలబడ్డాడు.

"దారి తప్పారా ఏంటి బావగారూ?" అన్నాడు టీ కొట్టాయన. "మీ మాట విని ఆ ఏడు నేనూ మొక్కజొన్నే వేశాను. గుర్తుందా?"

"గుర్తుంది. పందెం ఓడిపోయాను. అందరికీ టీ పొయ్యి."

"అయితే లెక్కలమ్మ ఓడిందన్నమాట!"

"అది ఓడలేదు. నా నోరు ఓడింది."

బెంచీల మీద ఎవరో పకపకా నవ్వారు. గ్లాసులు చేతులు మారాయి. తన గ్లాసు అందుకోగానే వేళ్ళు చురుక్కుమన్నాయి. చాలాకాలానికి ఒక వేడి తెలిసింది.

"ఎక్కడికమ్మా ప్రయాణం?" అడిగాడొక ముసలాయన.

చెప్పబోయి, కూతురి వైపు చూసి, నోరు మూసుకున్నాడు తండ్రి.

"ధరలు చెప్పే ఉద్యోగానికి, తాతా," అంది ఆమె. బస్సు మలుపు తిరుగుతుంటే ఖాళీ గ్లాసులు లెక్కపెట్టింది. "పద్నాలుగు, నాన్నా."

ఆయన పద్నాలుగు టీల డబ్బూ ఇచ్చేశాడు.