రిబ్బన్ కట్టిన డిస్క్

మంగళవారం ఉదయం 6:40. అసున్సియోన్ నగర శివార్లలో ఓ అద్దె ఇంటి వంటగదిలో ఎల్విరా శవం. ఛాతీలో రెండు తూటాలు.

కాల్చింది ఆమె మొగుడు ఇసిద్రో. మధ్యాహ్నానికల్లా బస్ స్టాండులో దొరికిపోయాడు. అసలు ప్రశ్న వేరు. మొగుళ్ల చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్లను దాచే సంస్థకి తప్ప ఎవరికీ తెలియని ఆ అడ్రస్ వాడికెలా చిక్కింది? అది తేలకపోతే దాక్కున్న మిగతా ఆడవాళ్ల ప్రాణాలకీ దిక్కు లేదు.

పోలీస్ స్టేషన్లో కూర్చున్న సంస్థ డైరెక్టర్ డాక్టర్ ఎవారిస్తో దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

"ఇంకెవరు మేడమ్? కంప్యూటర్లు చూసే ఈ ఫెర్మినే అమ్ముకున్నాడు."

బేడీలతో నిలబడ్డ ఫెర్మిన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నాకేం తెలీదు సార్. ఇంట్లో పిల్లలకి మొహం ఎలా చూపించను?"

ఇన్‌స్పెక్టర్ నిల్డా గొట్టంతో ఓ గుక్క చల్లటి తెరెరే ఆకు కషాయం పీల్చింది. ఈ డైరెక్టర్ లాంటి పెద్దమనుషుల్ని చూస్తే ఆమెకి ఒళ్లు మండుతుంది.

"వాడేసిన కంప్యూటర్ హార్డ్ డిస్కులు ఏం చేశారు, డాక్టరుగారూ?"

"నా చేత్తో నేనే డ్రిల్ పెట్టి కన్నాలు వేశాను! సరిగ్గా నడిమధ్యన. సభలో చర్చి ఫాదర్ దీవించారు. పేపర్లో ఫొటో కూడా పడింది."

"తర్వాత?"

"రిబ్బన్లు కట్టి అతిథులకి జ్ఞాపికలుగా ఇచ్చాం."

"ఇసిద్రోకీ ఇచ్చారా?"

"కౌన్సిలర్‌గారి డ్రైవర్ కదా, ఆయన తరఫున అందుకున్నాడు. ఎవరి మొగుడు ఎవరో నాకేం గుర్తుంటుంది? అయినా కన్నం పడ్డదానితో వాడేం చేస్తాడు?"

ఇసిద్రో సంచిలో దొరికిన డిస్కుని నిల్డా బల్ల మీద పెట్టింది. చచ్చిన సరుకని స్టేషన్లో కూడా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆమె స్క్రూలు విప్పింది.

"వెనకటి రకంలో నడుమ పళ్లెం తిరుగుతుంది. కన్నం వేస్తే చస్తుంది. ఇది కొత్త రకం. చూడండి."

లోపలంతా డొల్ల. ఓ అంచున చిన్న పలక, దాని మీద నల్లటి చిప్స్. డ్రిల్ వాటి దరిదాపులకైనా పోలేదు.

"ఫొటోగ్రాఫర్ని పిలిచి మరీ ఖాళీ జాగాని పొడిచారు. మీ తెలివి తెల్లారినట్టే ఉంది."

ఆ పలకని కంప్యూటర్‌కి తగిలించింది. పేర్లు, అడ్రసులు వరసగా తెర మీదికొచ్చాయి. మూడో పేరు ఎల్విరాది.

డైరెక్టర్ గొంతు తగ్గించాడు. "మేడమ్... ఇది పేపర్లకి ఎక్కకుండా చూస్తారా?"

ఒక మనిషి చచ్చిపోతే ఈయన బెంగ ఇదీ! నిల్డాకి ఉమ్మెయ్యాలనిపించింది.

"ఫెర్మిన్ బేడీలు తియ్యండి," అని కానిస్టేబుల్‌కి చెప్పి, డైరెక్టర్ వైపు తిరిగింది. "లేవండి. ఇవాళ ఆ ఆడవాళ్లందరి చేతా ఇళ్లు ఖాళీ చేయించాలి. ప్రతి తలుపూ మీరే కొట్టండి. ఎందుకు పారిపోవాలో వాళ్లకి మీ నోటితోనే చెప్పండి."