తువ్వాలు కింద నాలుగు వేళ్లు

కరుణాకర్ భార్య వెంకటరావమ్మ చనిపోయిన సంగతి డిపార్ట్‌మెంట్ అతనికి పెద్దకర్మ అయిన మర్నాడు చెప్పింది. మిషన్ మధ్యలో ఏజెంట్ మనసు చెదరకూడదని చీఫ్ లక్ష్మీకాంత్ తీసుకున్న నిర్ణయం అది. తలకొరివి మేనల్లుడు పెట్టాడు. ఇది తప్పా ఒప్పా అని కరుణాకర్ ఎవరితోనూ వాదించలేదు. తప్పు. అంతే.

ఆ లక్ష్మీకాంతే ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డు వెనక రోడ్డులో, ఆపిన కారులో అతని పక్కన కూర్చుని ఉన్నాడు. అద్దాలు ఎత్తి ఏసీ వేసినా మిరప ఘాటు లోపలికి వస్తూనే ఉంది. చీఫ్ తుమ్మి, రుమాలుతో ముక్కు తుడుచుకుని అసలు విషయంలోకి వచ్చాడు.

"మిసైల్ గైడెన్స్ మాడ్యూల్. అగ్గిపెట్టెంత ఉంటుంది. మన ల్యాబ్ నుంచి పోయింది. ఇంకా దేశం దాటలేదు. ఇక్కడే ఏదో కోల్డ్ స్టోరేజీలో, ఒక మిరప టిక్కీలో, అదే బస్తాలో, పెట్టి కుట్టేశారు."

"ఏ స్టోరేజీ?"

"ఊరి చుట్టూ వందకు పైగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో వేల బస్తాలు. ఏ స్టోరేజీ అన్నది సరుకు తీసుకోవడానికి వచ్చే విదేశీ ఏజెంటుకు ఒక్కడికే తెలుసు. అందులో ఏ లాట్ అన్నది ఇక్కడి ముఠా నాయకుడికి ఒక్కడికే తెలుసు. వాడి పేరు చైతన్యకృష్ణ. పైకి ఈవెంట్ కంపెనీ నడుపుతాడు. ఇద్దరూ కలవరు. ఫోన్లో మాట్లాడుకోరు."

"మరి లాట్ నంబర్ వాడికి ఎలా చేరుతుంది?"

"ఆటలో," అన్నాడు చీఫ్. "ఈ ఆదివారం గుంటూరులో 'అంకెల వేట' అని ట్రెజర్ హంట్ పెడుతున్నారు. నడిచి ఆడాలి. ఐదు స్టాపులు, ఐదు పజిళ్లు, ఐదు అంకెలు. అన్నీ కలిపి నంబర్ సరిగ్గా చెప్పినవాడికి స్కూటర్. వందల మంది ఆడతారు. వందల మందికీ ఆ నంబర్ తెలుస్తుంది. అది లాట్ నంబర్ అన్నది మాత్రం ఒక్కడికే తెలుస్తుంది."

కరుణాకర్ మెచ్చుకోలేదు.

"వాడి ముఖం?"

"తెలియదు. యాభై దాటినవాడు. మిరప రైతు వేషంలో వస్తాడట. తెలుగు మనకంటే బాగా మాట్లాడతాడట. చెప్పింది జ్యోతిర్మయి. ఆ పజిళ్లు తయారుచేసే పిల్ల. చైతన్యకృష్ణ తన మనిషి అనుకుంటున్నాడు. మన మనిషి."

"తప్పుడు నంబర్ ఇచ్చి ఊరుకోవచ్చుగా?"

"లాట్ దొరక్కపోతే పజిల్ రాసిన మనిషి ఆ సాయంత్రం వరకు బతకదు. నంబర్ సరైనదే వెళ్లాలి. అది వాడి నోటి నుంచి బయటికి పోకముందే వాడు మన చేతికి చిక్కాలి."

"ఆమెకు కాపలా?"

"ఇద్దరు. ఆట మొదలైన దగ్గర్నుంచీ పక్కనే ఉంటారు."

"ఏం జరిగినా వాళ్లను కదల్చకూడదు."

"మాటిస్తున్నాను."

మిరపచేలో దిష్టిబొమ్మ మాటిస్తే పిట్టలు ఎంత నమ్ముతాయో కరుణాకర్ అంత నమ్మి కారు దిగాడు.

*

మర్నాడు అతను గురవయ్య. ఊరు పర్చూరు, అదొక్కటే నిజం. పంచె, లాల్చీ, భుజాన ఎర్ర తువ్వాలు. చెవిలో వినికిడి మిషన్, అది నిజానికి మైకున్న రిసీవర్. ఉంగరం వేలికి రాగి ఉంగరం, రాయి తిప్పితే సన్నని సూది. ఆ సూది తగిలితే ఎద్దయినా కూలబడుతుందని గాడ్జెట్ సెక్షన్ వాళ్లు చెప్పారు.

జ్యోతిర్మయి బ్రాడీపేటలో కలిసింది. మంగళగిరి నేత చీర, ముఖంలో సగాన్ని మింగేసిన నల్ల కళ్లద్దాలు. సెంటర్లో కుర్రకారు బళ్లు ఆపుకుని మరీ చూస్తున్నారు.

"బాబాయ్, తాలు పోయిందా?" అంది. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన కాయ. కోడ్ అది.

"ఏరేశాం."

"వేషం అదిరింది గానీ ఆ బూట్లేమిటి? పర్చూరులో పంచె మీద స్పోర్ట్స్ షూ వేస్తున్నారా ఇప్పుడు?"

"నడవాలిగా. అయినా నేను నీకు బాబాయిని కాను."

"ఈ చుట్టుపక్కల పంచె కట్టిన ప్రతివాడూ నాకు బాబాయే. నడువు."

నడిచారు. ఆట డిజైన్ ఆమెదే, ఊరు మాత్రం అతనికి బాగా తెలుసు. బ్రాడీపేటలో ఇంటికి పేరు అడగరు, లైనూ అడ్డరోడ్డూ అడుగుతారు. నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డును కోసే చోటు నాలుగు బై పద్నాలుగు. అంకెల ఆటకు ఆ పేట పుట్టుకతోనే సిద్ధంగా ఉంది. ఆమె మూల మీద నిలబడి అప్పటికప్పుడు పజిల్ కట్టింది.

"నాలుగోవాడూ పద్నాలుగోవాడూ ఎదురుపడే చోట నిలబడు. తెరిచిన కొట్లు లెక్కపెట్టు. వచ్చింది రాసుకో."

"ఆదివారం ఈ మూల ఒక్క కొట్టూ తియ్యరు."

"అదే జవాబు. సున్నా," అని నవ్వింది. "సున్నా కూడా అంకేనని గుర్తు రావడానికి మన ఇంజినీరింగ్ పిల్లలకు అరగంట పడుతుంది చూడు. ఇది నాలుగో స్టాపు. ఇక్కడ గొడుగు వేసుకుని నేనే కూర్చుంటా."

ఆమె స్టాపు నుంచి ఆఖరి స్టాపు పట్నంబజారుకు దారి కరుణాకర్ గీశాడు. సూటిగా పోనివ్వలేదు. అరండల్‌పేట సందుల్లో తిప్పి, మూడు వంతెనల కింద నుంచి దూర్చి, లాలాపేట చుట్టి తెచ్చాడు. ఆటోలూ బళ్లూ రాకుండా దారి పొడుగునా బారికేడ్లు పెట్టించమన్నాడు. వాడు నడవడానికి టైం పట్టాలి, మనవాళ్లు చూడడానికి టైం ఉండాలి అన్నాడు.

"ఆఖరి అంకె ఎలా ఇద్దాం? చైతన్య దాన్ని ఆదివారం పొద్దున గానీ చెప్పనన్నాడు."

"కాగితం వద్దు. నా చేతిలో ఉంటుంది." భుజం మీది తువ్వాలు తీసి ఆమె చేతి మీద కప్పి, కింద నుంచి ఆమె వేళ్లు మూడు పట్టుకున్నాడు. "ఎంత?"

"మూడు. ఏంటిది?"

"బేరం. ఇప్పుడు యార్డులో అంతా తెర మీద వేలం. మా నాన్న రోజుల్లో ఇలా గుడ్డ కిందే, పక్కవాడికి రేటు తెలియకూడదని. పశువుల సంతలో ఇప్పటికీ ఉంది. పాతకాలం ముచ్చటని చెప్పు, మీవాడు ఒప్పుకుంటాడు. నేను దళారీగా కూర్చుంటా. ఆడేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పెడతారు."

"దాంతో వాడు దొరుకుతాడా?"

"ఈ నేల మీద పుట్టిన రైతు ఎవడూ మొదట చెప్పిన అంకెకు చెయ్యి తియ్యడు. ఆటని తెలిసినా తియ్యడు. నన్ను అమ్మేవాడనుకుని ఒక వేలు తగ్గించి తిరిగి నొక్కుతాడు. ఒంట్లో ఉంటుంది అది. ఆ వచ్చేవాడు తెలుగు నేర్చుకుని ఉంటాడు, గోళ్లలో మట్టి పెట్టుకుని ఉంటాడు. ఇది మాత్రం వాడికి ఎవడూ నేర్పి ఉండడు."

ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్ల కింద నల్లగా ఉంది.

"వాడు దొరికాక నేనేం చెయ్యాలి?"

"కూర్చో. నీ పక్కన ఇద్దరుంటారు."

"ఎవరన్నారు? చీఫా?"

"చీఫే."

"అయితే నా ఫొటో ఒకటి మంచిది చూసి దాచుకో బాబాయ్. పేపర్లో ఐడీ కార్డు ఫొటో వేస్తారు, దరిద్రంగా ఉంటుంది."

"నోర్ముయ్."

*

ఆదివారం యార్డుకు సెలవు. స్కూటర్ అనేసరికి కాలేజీ పిల్లలతో పాటు రైతులు కూడా దండిగా దిగారు. నెత్తిన ఒక డ్రోన్ తిరుగుతూ ఆటంతా లైవ్‌లో చూపిస్తోంది. ఆఖరి అంకె పొద్దునే వచ్చింది. నాలుగు.

పట్నంబజారులో మూసిన కమిషన్ కొట్టు అరుగు మీద కరుణాకర్ తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. పిల్లలు వచ్చి చెయ్యి పెట్టి, కితకితలని నవ్వి, నాలుగని రాసుకుని పరిగెత్తారు. రైతులు వచ్చారు. మొదటివాడి వేళ్లు నాలుగు పట్టుకున్నాడు. వాడు చెయ్యి తియ్యలేదు. మూడు నొక్కాడు.

"ఒరేయ్ కోటీ, ఇది బేరం కాదురా, ఆట!" అని వెనకవాడు అరిచాడు.

"అయితే మాత్రం, అడిగినంతా ఇస్తామా ఏంటి?"

అరుగు చుట్టూ అందరూ నవ్వారు. ఆ తర్వాత వచ్చినవాడూ మూడే నొక్కాడు. ఒక ముసలాయన రెండుకు దిగి, తల అడ్డంగా ఊపి, "నీ కాయలో తాలుంది, అంతకు మించి పెట్టను" అని చక్కా పోయాడు. ఎండ నెత్తికెక్కింది. వరస తరుగుతోంది. ఇక వాడు రాడేమో, వచ్చి వెళ్లిపోయాడేమో అని కరుణాకర్‌కు అనుమానం పట్టుకుంది.

అప్పుడు వచ్చాడు ఒకడు. అరవై ఉంటాయి. ఎండకు కమిలిన మెడ, పగిలిన మడమలు, చెవి మీద సగం కాల్చిన చుట్ట.

"ఏ ఊరు పెద్దాయనా?"

"దర్శి దగ్గరయ్యా. ఈ ఏడు నల్లి కొట్టి కాపంతా పోయింది. స్కూటరన్నా వస్తదేమోనని."

యాసకు వంక పెట్టడానికి లేదు. చెయ్యి తువ్వాలు కిందికి వచ్చింది. అరచెయ్యి గరుకుగా ఉంది. దానికీ వంక లేదు. కరుణాకర్ నాలుగు వేళ్లు పట్టుకున్నాడు.

"సరేనయ్యా," అని వాడు చెయ్యి వెనక్కు తీసుకోబోయాడు.

అంతే. తిరిగి నొక్కలేదు. వేళ్లలో చిన్న కదలికైనా లేదు.

కరుణాకర్ పట్టు వదల్లేదు. వాడు ముఖంలోకి చూశాడు, అర్థం చేసుకున్నాడు. వాడి ఎడమ చెయ్యి లాల్చీ జేబులోంచి ఫోన్‌తో బయటికి వచ్చింది. మెసేజ్ ముందే టైప్ చేసి ఉంది, కోల్డ్ స్టోరేజీ పేరు, నాలుగు అంకెలు, ఒక ఖాళీ. బొటనవేలు ఆ ఖాళీలో నాలుగు కొట్టి, పంపే బటన్ మీదికి జరిగింది. తువ్వాలు కింద ఉంగరం రాయి తిరిగింది. బొటనవేలు బటన్‌కు వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. వాడు దళారీ ఒళ్లో నిద్రపోయినట్టు ఒరిగాడు.

"తాలు దొరికింది," అన్నాడు కరుణాకర్ రిసీవర్లో.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు టీమ్ వచ్చి పడింది. ఐస్‌క్రీం బండివాడు, ట్రాఫిక్ కానిస్టేబుల్, చీపుర్లు అమ్మేవాడు. ఆ వెనకే రొప్పుతూ ఇంకో ఇద్దరు. పొద్దున జ్యోతిర్మయి గొడుగు పక్కన బఠాణీలు అమ్ముతూ కూర్చున్న ఇద్దరు.

"మీరెందుకొచ్చారు?"

"చీఫ్ రమ్మన్నారు సార్. వాడు ఈ బజారులోకి రాకముందే అందరినీ ఇటే రమ్మన్నారు."

చెవిలో లక్ష్మీకాంత్ గొంతు. "కరుణాకర్, వాడి వెనక గన్‌మెన్ ఉంటారని సమాచారం. రిస్క్ తీసుకోలేను."

"ఉన్నారా?"

"లేరు."

నెత్తి మీద డ్రోన్ ఇంకా తిరుగుతోంది. పెద్దాయన కూలబడడం లైవ్‌లో ఊరంతా చూసింది. చైతన్యకృష్ణ కూడా చూసే ఉంటాడు.

కరుణాకర్ పరిగెత్తాడు. అడ్డరోడ్డు మీద ఆటో కనిపించింది గానీ బారికేడ్ దాటి రాలేదు. లాలాపేట చుట్టాలి, చుట్టాడు. మూడు వంతెనల కింద పిల్లలు గుంపులు గుంపులుగా ఎదురొస్తున్నారు. "తాత రివర్స్‌లో ఆడుతున్నాడ్రోయ్!" అని ఒకడు ఈల వేశాడు. అరండల్‌పేట సందులు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తూనే ఉన్నాయి. ప్రతి మలుపూ అతను గీసిందే. ఎవడూ తొందరగా చేరకూడదని మరీ గీశాడు.

నాలుగు బై పద్నాలుగులో గొడుగు కింద జ్యోతిర్మయి కూర్చుని ఉంది. కుర్చీకి చేరగిలబడి, కళ్లద్దాలు పెట్టుకుని. ఒళ్లో కొబ్బరిబొండం, అందులో స్ట్రా. చుట్టూ కాలేజీ పిల్లలు. ఒకడు ఫొటోలు తీస్తున్నాడు. దీప్తి అని చొక్కాకు బ్యాడ్జి తగిలించుకున్న పిల్ల ఆమె గాజులు లెక్కపెడుతోంది.

"ఏమైంది?"

"మేడమ్ మాట్లాడట్లేదు అంకుల్. పజిల్ మార్చేశారేమో, ఇదే కొత్త క్లూ అనుకుంటున్నాం. మావాడేమో ముడిచిన వేళ్లు లెక్కపెట్టాలంటాడు, నేనేమో గాజులంటున్నా."

"బొండం ఎవరిచ్చారు?"

"ఆర్గనైజర్ సార్. ఎండలో కూర్చున్నావని తెచ్చిచ్చి వెంటనే కారెక్కి వెళ్లిపోయారు."

కరుణాకర్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనం ఎండది.

"ఆట అయిపోయింది. ఇళ్లకు పోండి."

"ఆన్సరెంతో చెప్పి వెళ్లమనండి అంకుల్," అంది దీప్తి.

"సున్నా."

పిల్లలు రాసుకున్నారు.

*

మాడ్యూల్ ఆ సాయంత్రమే దొరికింది. ఫోన్‌లో స్టోరేజీ పేరు, లాట్ నంబర్ రెండూ ఉన్నాయి కాబట్టి వెతకడానికి ఏమీ మిగల్లేదు. ఊరి బయట వాడి మనుషుల లారీ ఆ మెసేజ్ కోసం అప్పటికే ఇంజన్ ఆన్ చేసుకుని ఉంది. చైతన్యకృష్ణను రెండు రోజుల తర్వాత చీమకుర్తి క్వారీల దగ్గర, గ్రానైట్ లారీ క్యాబిన్లో పట్టుకున్నారు. నిర్వాహకుడు జైల్లో ఉన్నాడు కాబట్టి స్కూటర్ ఎవరికీ ఇవ్వలేదు. ఊళ్లో ఇప్పటికీ దాని గురించే గొడవ. ఇంకేం జరిగిందో ఊరికి తెలియదు.

లక్ష్మీకాంత్ పర్చూరు దాకా వచ్చాడు. పూలదండ తేలేదు, అంత మాత్రం బుద్ధి ఉంది. వాకిట్లో కుర్చీ వేస్తే కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"ఆపరేషన్ సక్సెస్. పైనుంచి అభినందనలు వచ్చాయి. ఫైల్ ముగించడానికి నీ స్టేట్‌మెంట్ ఒక్కటి కావాలి. జ్యోతిర్మయి విషయంలో ఏం జరిగిందో నీ మాటల్లో..."

"నంబర్ సరైనదే ఇచ్చింది. మీ మాట తప్పుడుది. ఇంతకు మించి ఈ సంగతి నా నోట రాదు."

"కరుణాకర్, రేపు ఎంక్వైరీలో అడుగుతారు."

"అడగనివ్వండి."

లక్ష్మీకాంత్ ఇంకా ఏదో అనబోయాడు. కరుణాకర్ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఎంక్వైరీలో అడిగారు. చెప్పలేదు. ఇక చెప్పడు.