ఫ్యూజు నానమ్మ

ఎక్కడో దూరంగా ఉరిమితే చాలు, ఆ ఇంట్లో అత్తగారు గదిగదికీ తిరిగి ప్లగ్గులన్నీ పీకేసేది. టీవీ, కంప్యూటర్, ఫ్రిజ్, ఆఖరికి కొడుకు గడ్డం గీసుకునే మిషన్ కూడా. పీకడం వరకే ఆవిడ పని. మళ్ళీ పెట్టడం గుర్తుండేది కాదు. అందుకే మనవరాలు ఆవిడకి ఫ్యూజు నానమ్మ అని పేరు పెట్టింది.

ఒక రాత్రి పడుకోబోయే ముందు ఉరిమింది. ఆవిడ, పాప చెవి మిషన్లు పెట్టే చార్జర్ డబ్బా ప్లగ్గు కూడా పీకేసి మర్చిపోయింది. అవి లేకపోతే పాపకి పక్కన పళ్ళెం పడినా వినపడదు. తెల్లారి బడికి బయల్దేరే వేళకి మిషన్లు పనిచెయ్యలేదు. ఆ రోజే పాప క్లాసులో మొదటిసారి కథ చెప్పాలి.

"ఎన్నిసార్లు చెప్పాలి అత్తయ్యా? స్పైక్ బస్టర్ కొన్నాం కదా, పిడుగు పడినా అదే చూసుకుంటుంది. మీ భయం నా కూతురి నోరు మూయించింది." అంది కోడలు.

"అవి కాలిపోతే పిల్ల ఏమైపోతుందోననే కదమ్మా తీశాను."

"కాలిపోవు. మీకు దండం పెడతాను, ఇంక ఏ ప్లగ్గూ ముట్టుకోకండి."

"సరే" అంది అత్తగారు. మాటకి మాట అప్పజెప్పే మనిషి అలా అనేసరికి కోడలికి అదోలా అనిపించింది. కోపం మాత్రం తగ్గలేదు.

కోడలు మిషన్లని చార్జర్ డబ్బాలో పెట్టి స్పైక్ బస్టర్‌కి తగిలించింది. పాప బడి మానేసి, ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. మధ్యాహ్నం మబ్బు కమ్మింది. కోడలు వంటింట్లోంచి వచ్చేసరికి అత్తగారు కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉంది. కాసేపటికి ఇల్లంతా తెల్లగా వెలిగి, చెవులు గింగురుమన్నాయి. స్పైక్ బస్టర్ నల్లబడింది. టీవీ, కంప్యూటర్ పోయాయి. చార్జర్ కమురు వాసన కొడుతోంది.

కోడలు గబగబా దాని మూత తీసింది. లోపల ఖాళీ.

అత్తగారు గుప్పిట తెరిచింది. "ప్లగ్గు ముట్టుకోలేదమ్మా, ఒట్టు. మొదటి ఉరుముకే మిషన్లు మాత్రం తీసుకున్నాను."

కోడలు ఆ గుప్పిటని రెండు చేతులతో పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "పొద్దున నోటికొచ్చినట్టు అనేశాను. మీరే లేకపోతే..."

"ఊరుకో. పీకి మర్చిపోయిన దాన్ని, నన్ను అనాల్సిందేగా."

"ఇకనుంచి పీకడం మీ పని, పెట్టడం నా పని."

సాయంత్రం కొడుకు తల పట్టుకున్నాడు. "ఎర్తింగ్ వేయించకుండా స్పైక్ బస్టర్ పెడితే ఏం లాభం? రేపు రేపంటూ నేనే వాయిదా వేశాను. అమ్మే కాపాడింది."

కొత్త చార్జర్ వచ్చాక పాప క్లాసులో కథ చెప్పింది. నేర్చుకున్న కథ కాదు, ఫ్యూజు నానమ్మ కథ.

ఎర్తింగ్ వేయించిన తర్వాత ఒక ఉదయం అత్తాకోడళ్ళు కూరగాయలు తరుగుతున్నారు. పాప బొమ్మ పక్కన పెట్టి తలెత్తింది.

"నానమ్మా, ఉరిమింది."

"నాకేం వినపడలేదే."

"నాకు వినపడింది."

ముగ్గురూ ఊపిరి బిగబట్టి విన్నారు. ఎక్కడో చాలా దూరంగా, సన్నగా, మళ్ళీ ఉరిమింది. అత్తగారు నవ్వుతూ ప్లగ్గులు పీకడానికి లేచింది. కోడలు కళ్ళు తుడుచుకుంటూ ఆవిడ వెనకే వెళ్ళింది.