నల్ల కవర్

పొద్దున ఆరు గంటలకు మునగాలలో నర్సయ్య ఇల్లు ఎప్పటిలాగే లేచింది. నర్సయ్య అరుగు మీద కూర్చొని బీపీ గోలీ మింగి, మిగిలిన షీటును తెల్లచొక్కా జేబులో పెట్టుకున్నాడు. పొయ్యి మీద అన్నం పెట్టి సాయమ్మ గూట్లో ఉప్పు డబ్బా వెతుకుతోంది.

"గూడు నిండ నీ బీపీ గోలీలే ఉన్నయ్. ఒక్క మనిషికి ఇన్నెందుకు తెస్తున్నవ్? దుకాణం పెడుతవా ఏంది?" అంది.

నర్సయ్య చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

లోపలి గదిలో ఊర్మిళ మంచం మీద ముడుచుకుని పడుకుంది. వేడినీళ్ల బ్యాగు పొత్తికడుపుకు అదిమి పట్టుకుని, కోదాడ బస్సుకు ఇంకెంత టైముందో చూసుకుంటోంది. ఇరవై ఆరేళ్ల ఊర్మిళ కోదాడలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. నొప్పి మాత్రం డిగ్రీ కంటే పాతది, ఇంటర్ నుంచే ఉంది. మొదట్లో నెలకు మూడు రోజులు వచ్చి పోయేది. ఇప్పుడు నెలంతా ఉంటుంది, ఆ మూడు రోజులు ఇంకా పెరుగుతుంది. లోపల ఎవరో తడిబట్ట పిండినట్టు నడుము నుంచి తొడల దాకా లాగుతుంది. బస్సు గుంతలో పడిందంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. "ఆడోళ్లకు ఉండేదేనాయె" అన్న మాట విని విని ఆమె చెవులు కాయలు కాశాయి.

కోదాడలో చూపిస్తే ఒక పెద్ద డాక్టరు రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "పెళ్లి చేయండి. ఒక కాన్పయితే అదే సర్దుకుంటది."

సూర్యాపేట డాక్టరమ్మ అట్లా అనలేదు. స్కానింగ్ చూసి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట కూడా పెరుగుతోందట. పెళ్లి దానికి మందు కాదట. పూర్తిగా పోతుందని తను మాటివ్వలేదు గానీ, అదుపులో పెట్టుకోవచ్చంది. ముందు మూడు నెలలు హార్మోన్ గోలీలు, వాటితో తగ్గకపోతే కెమెరా ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామంది. "ఇవి పిల్లలు కాకుండా వాడేవే. నీకు మాత్రం నొప్పికి మందు. ఎవరేమన్నా మధ్యలో ఆపకు" అని కూడా చెప్పింది. అంతసేపూ నర్సయ్య బయట బల్ల మీద కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు, తానే కూర్చున్నాడు.

రెండు నెలలు గోలీలు ఊళ్లో రవీందర్ షాపు నుంచి నర్సయ్యే తెచ్చాడు, అవేం గోలీలో తెలియకుండానే. రెండో నెలలో ఒకరోజు ఊర్మిళ నిలబడి మూడు క్లాసులు చెప్పింది. నొప్పి సంగతి మధ్యాహ్నం దాకా గుర్తే రాలేదు. గుర్తొచ్చాక స్టాఫ్ రూములో ఒక్కతే కూర్చొని ఏడ్చింది.

మూడో నెల షీటు మాత్రం ఇంటికి రాలేదు. అడిగినప్పుడల్లా సాయమ్మ "స్టాక్ లేదంట" అనేది. పదకొండు రోజులు గడిచాయి. నిన్న ఊర్మిళే కోదాడలో ఒక షాపుకు వెళ్లి అడిగింది. షాపతను డాక్టరు రాసిన చీటీ తెమ్మన్నాడు. ఆ మాట అనేటప్పుడు అతను చూసింది ఆమె మొహం కాదు, తాళి లేని మెడ.

అందుకే ఇవాళ లేచి ఫైలు తీసింది. స్కానింగ్ రిపోర్టు ఉంది, చీటీ లేదు.

"అమ్మా, ఫైల్ల చీటీ ఏది?"

"ఉంటది గాడనే. మంచిగ సూడు."

"మూడుసార్లు సూసిన."

సాయమ్మ గరిటె పక్కన పెట్టింది. "ఇగ ఆ గోలీలు వద్దులే బిడ్డా. నాయినకు గూడ తేవద్దని చెప్పిన. ఆదివారం గరిడేపల్లోళ్లు నిన్ను సూడనీకి వస్తున్నరు."

మిర్యాలగూడలో ఉండే మేనత్త విజయ తెచ్చిన సంబంధం అది.

"వాళ్లొస్తే నా నొప్పి పారిపోతదా? స్టాక్ లేదని అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

"ఏం చెయ్యమంటవ్? నీళ్ల ప్లాంటు కాడ మెడికల్ షాపు రవీందర్ పెండ్లాం నలుగురిల అడిగింది, 'సాయమ్మక్కా, పెండ్లి గాని పిల్లకు ఆ గోలీలెందుకు' అని. నవ్వుకుంటనే అడిగింది. క్యాను నిండకముందే ఎత్తుకొచ్చిన. నేనేం చెప్పాలె?"

"నొప్పికని చెప్పు."

"నమ్ముతరా?"

"నమ్మకపోతే మానె. నొచ్చేది వాళ్ల కడుపు కాదు గద."

"కోదాడాయన గూడ డాక్టరే. పెండ్లయితే తగ్గుతదన్నడు."

"తగ్గకపోతే?" ఊర్మిళ గోడ పట్టుకుని నిలబడింది. "కన్నతల్లివి, నీకు చెప్తేనే గమ్మునుండమంటున్నవ్. రేపు తెల్వనోళ్ల ఇంట్ల ఎవరికి చెప్పుకోవాలె? ఈ గోలీ పనిచెయ్యకపోతే డాక్టరమ్మ ఇంకోటి రాస్తది. పెండ్లి పనిచెయ్యకపోతే ఏం రాస్తరమ్మా?"

సాయమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "నిన్ను ఎవరన్న ఒక్క మాటంటే నేను తట్టుకోలేనే."

"మొన్న బోర్డు కాడ కూలబడ్డ. తొమ్మిదో తరగతి పిల్లలు నీళ్లు తెచ్చిచ్చిండ్రు. కూసొని చెప్పేటోళ్లు మాకొద్దని ప్రిన్సిపాల్ సార్ అన్నడు. ఇంకోసారి అయితే ఆ కొలువు గూడ ఉండదు. దానికేమంటవ్?"

సాయమ్మ కొంగు దించి చూసింది. ఈ సంగతి ఆమెకు తెలియదు.

అప్పుడు నర్సయ్య గుమ్మంలోకి వచ్చాడు. ఈ విషయం మీద కూతురితో ఆయన ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. జేబులోంచి బీపీ షీటు తీశాడు. దాని వెనక మడత పెట్టిన కాగితం ఉంది. చెమటకు అంచులు మెత్తబడ్డాయి.

"చీటీ నా కాడుంది" అన్నాడు, కూతురి వంక కాకుండా తలుపు వంక చూస్తూ. "మీ అమ్మ వద్దన్నా రోజూ షాపు దాకా పోతున్న. ఎవలో ఒకలు నిలబడి ఉంటరు. ఆ నీళ్ల ప్లాంటు మాట ఇన్నసంది నోరు రాదు. ఉత్తగ మర్లి రాలేక బీపీ గోలీలు అడిగి తీసుకొస్తున్న."

ఊర్మిళ గూటి వైపు చూసింది. ఉప్పు డబ్బా పక్కన తొమ్మిదో పదో షీట్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. గోడ మీది చెయ్యి తీసి తండ్రి దగ్గరకు వచ్చింది.

"సిగ్గయిందా నాయినా?"

"అయింది బిడ్డా." ఆయన దాచలేదు. "ఆనాడు డాక్టరమ్మ కాడికి లోపటికి రావాల్సింది. వస్తే నేను గూడ ఇనేటోన్ని. గోలీలు ఎందుకో ఎరుకయితుండె. బయట కూసున్న, అదే తప్పయింది." చెప్పులు తొడుక్కున్నాడు. "నడువు. నీ బస్సు టైముకు షాపు తీస్తడు."

"మరి ఆదివారం వాళ్లకేం చెప్పాలె?" అంది సాయమ్మ వెనక నుంచి.

"బిడ్డ మందులు వాడుతుందని విజయతోని చెప్పించు. ఇన్నంక గూడ వస్తమంటే రానియ్యి. మనువు సంగతి మాత్రం ఊర్మిళనే చెప్తది."

షాపు ముందు ముగ్గురున్నారు. నర్సయ్య వాళ్ల వెనక కాసేపు నిలబడ్డాడు. తండ్రి మెడ మీద చెమట ఊర్మిళకు కనిపిస్తోంది. ఈసారీ బీపీ గోలీలే అడుగుతాడేమో అనుకుంది. ఆయన చెయ్యి చాపి చీటీ ఇచ్చాడు.

రవీందర్ చదివి గొంతు తగ్గించాడు. "ఇవా నర్సన్నా." షీటు తీసి, బల్ల కింద నుంచి నల్ల కవర్ లాగాడు.

"కవరెందుకు?"

"ఊకెనే. అందరికి కనబడకుంట."

"నా బీపీ గోలీలకు ఎన్నడన్న ఇచ్చినవా నల్ల కవరు?"

"లేదు గని..."

"మరి ఇవి గూడ గోలీలే గద. నా బిడ్డకు పదేండ్ల సంది కడుపుల నొప్పి. సూర్యాపేట డాక్టరమ్మ రాసింది." ఆయన గొంతు తగ్గించలేదు. "మీ ఇంట్లామెను గూడ ఎవలన్న అడిగితే గిదే చెప్పమను."

ముగ్గురూ వింటూనే ఉన్నారు. రవీందర్ కవర్ పక్కన పెట్టాడు. నర్సయ్య షీటును చొక్కా జేబులో, బీపీ షీటుకు ముందు పెట్టుకున్నాడు. పల్చటి తెల్లబట్టలోంచి రెండూ కనిపిస్తున్నాయి. బస్టాండు దాకా అట్లాగే నడిచి, అక్కడ తీసి కూతురి చేతిలో పెట్టాడు.

గోలీలు మధ్యలో ఆగాయి కాబట్టి మళ్లీ ఎట్లా మొదలుపెట్టాలో డాక్టరమ్మకు ఫోన్ చేసి అడగాలి. బడిలో రిపోర్టు చూపించి కుర్చీ అడగాలి. మూడో నెల తర్వాత ఆపరేషన్ మాట వస్తే దాని గురించి కూడా ఆలోచించుకోవాలి. నొప్పి మాత్రం పొద్దున ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

బస్సు వచ్చి ఆగింది. ఊర్మిళ మెట్టు మీద కాలు పెడుతుంటే "ఆగు బిడ్డా" అని వినిపించింది. సాయమ్మ నీళ్ల ప్లాంటు ముందు నుంచి వేగంగా వస్తోంది. క్యాన్లతో నిలబడ్డ ఆడవాళ్లు చూస్తున్నారు. సాయమ్మ చేతిలో ఎర్రటి వేడినీళ్ల బ్యాగు ఉంది. కొంగు చాటున లేదు, సంచిలో లేదు.

"బడికాడ గూడ పెట్టుకో, మల్ల వేడి చేసిన" అంది ఆయాసపడుతూ. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"అక్కడ ఎవరన్న అడిగితే?"

సాయమ్మ క్యాన్ల దగ్గరి ఆడవాళ్ల వైపు ఒకసారి చూసింది.

"నొప్పికని చెప్పు" అంది.