బోర్లా పడిన రొట్టె

'ఒంటరిగా భోంచేసేవాడికి కంపాన్యో అనే మాటతో పనేమిటి?' అని ఎత్తోరె తనను తానే అడిగాడు.

ఇటలీలోని జెనోవా రేవు వెనుక సందులో ఏళ్ల తరబడి అదే భోజనశాల, అదే మూలబల్ల. లోకానికి అతడు లాటిన్ మాస్టారు. ఇంటెలిజెన్స్ ఫైళ్లలో ఒక నంబరు. జేబులో ఉన్నవి రెండే: ఒక తాళంచెవి, అడుగున మీట దాచిన లైటర్. శత్రుముఠాను వదిలి పారిపోయి వచ్చిన ఒక ముసలి శాస్త్రవేత్త ఆ తాళం వెనుక తలదాచుకున్నాడు.

పొద్దున కల్నల్ ముక్తసరిగా చెప్పాడు: "మన ఏజెంటు ఫియోరెంజా వస్తుంది. ఈ ఊరి రొట్టెలవాడి కూతురు. మనవాళ్లెవరూ ఆమె ముఖం చూడలేదు. కంపాన్యో అనే మాట ఎలా పుట్టిందో చెబితే తాళంచెవి ఇచ్చెయ్. పొరబడ్డావా, సాయంత్రానికి ఆ ముసలాయన ఉండడు."

పచ్చపట్టు స్కార్ఫు, నల్లకళ్లద్దాలు. ఆమె వచ్చి, అడగకుండానే ఎదుట కూర్చుంది.

"కంపాన్యో అంటే ఎవరండీ?" అన్నాడు ఎత్తోరె.

"లాటిన్‌లో కుమ్ అంటే కలిసి, పానిస్ అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాడు. ఆ మాటే ఫ్రాన్సు వెళ్లి బడి నేస్తమైంది. స్పెయిన్‌లో కాపురం పంచుకునే మనిషైంది. యుద్ధంలో మన కొండలెక్కి తుపాకీ పట్టింది." ఆమె నవ్వింది. "మీకు అలాంటివాళ్లెవరూ లేరా, మాస్టారూ?"

"లాటిన్ వింటూ తినే ఓపిక ఎవరికుంటుంది?"

"నాకుంది."

అతడి చెయ్యి జేబులోకి వెళ్లింది. తాళంచెవి సగం జేబు బయటికి వచ్చింది.

ఆమె రొట్టె తుంచి, సగం అతడి ముందుంచింది. అది బోర్లా పడింది. ఆమె పట్టించుకోకుండా సూపు అందుకుంది.

ఈ సందుల్లో దొంగయినా బోర్లా పడిన రొట్టెను చూసి ఊరుకోడు. అరిష్టమని చప్పున తిప్పి పెడతాడు. రొట్టెలవాడి ఇంట పుట్టిన పిల్లకు మాటలకంటే ముందే ఆ అలవాటు వస్తుంది. ఈమెకు మాట మూలం కంఠతా వచ్చు, రొట్టె రాదు. అసలు ఫియోరెంజా ఏ చీకటిగదిలో ఈ జవాబు చెప్పేసిందో!

తెలియనట్టే ఉండిపోతే? ఈ ఒక్క భోజనమైనా పూర్తవుతుంది కదా అనిపించింది.

తాళంచెవిని లోపలికి జారవిడిచి, లైటర్ మీట నొక్కాడు. పక్కబల్ల దగ్గర పేకాడుతున్న కల్నల్ మనుషులిద్దరు లేచి ఆమె మణికట్లు పట్టుకున్నారు. ఒళ్లోంచి చిన్న పిస్తోలు జారిపడింది.

"ఎక్కడ తప్పాను?" అంది.

"చదువులో కాదండీ."

ఆమెను తీసుకుపోయాక వెయిటర్ వచ్చాడు. "ముందు ఆ రొట్టె తిప్పండి మాస్టారూ, దరిద్రం!"

ఎత్తోరె తిప్పాడు. రేవులోని ప్రతి గూఢచారి అసలు పేరూ, మారు పేరూ తనకు తెలుసు. ఇన్నేళ్లుగా వడ్డిస్తున్న ఈ మనిషి పేరే తెలియదు.

ఖాళీ కుర్చీ ముందుకు లాగి, సగం రొట్టె అటు తోశాడు.

"కూర్చోవయ్యా. సూపు చల్లారిపోతోంది. ముందు నీ పేరు చెప్పు."