రెండు రాళ్ళ తెలుపు

ఆదివారం ఉదయం కాఫీ తాగుతూ అత్తగారు వజ్రాల దుద్దులు కొనుక్కుంటానని చెప్పగానే కోడలికి పొలమారింది. కొడుకు నవ్వాడు. కార్ల షోరూములో మేనేజరయిన దగ్గర్నుంచి అతని నవ్వులో, ఎదుటివాళ్ళకి ఏమీ తెలియదన్న జాలి ఒకటి చేరింది.

"ఈ వయసులో నీకు వజ్రాలెందుకమ్మా?"

"చెవులున్నాయి కాబట్టి."

ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కి మొన్ననే మానేసిందావిడ. తనకోసం ఏదీ కొనుక్కున్నది లేదు. ఈ ఒక్కటైనా తానే చూసి, తానే ఎంచి కొనుక్కోవాలని పట్టుదల. నెల రోజులుగా ఫోనులో వజ్రాల గురించి చదివి, కొలతల పుస్తకంలో రాసుకుంది కూడా.

"రాసుకుంటే వచ్చేస్తుందా? అదేమన్నా జాకెట్టు గుడ్డా? నువ్వు కూర్చో, నేను మాట్లాడతా," అన్నాడు కొడుకు.

ముగ్గురూ కలిసి వెళ్ళిన నగల షాపులో అన్నంత పనీ చేశాడు. "పెద్దవి చూపించండి" అనడం తప్ప వజ్రం గురించి అతనికి తెలిసిందేమీ లేదు. ఆ ఒక్క ముక్కనే నాలుగు రకాల గొంతులతో అన్నాడు. సేల్స్‌మన్ నల్ల మఖమలు మీద, ఇంకా బిగించని రాళ్ళు రెండు పెట్టాడు. పైన వరసగా దీపాలు. ఆ వెలుతురులో సీసాపెంకు పెట్టినా మెరిసేది.

"ఎలా ధగధగలాడుతున్నాయో చూశావా! వీటినే బిగించెయ్యండి."

"ఆగు," అంది తల్లి. "బాబూ, వీటిని గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చూడొచ్చా?"

సేల్స్‌మన్ కొడుకు వైపు చూసి కన్ను గీటాడు. "పెద్దావిడ కదా సార్, ముచ్చట తీర్చుకోనివ్వండి," అంటూ ట్రే పట్టుకుని వెంట నడిచాడు.

ఆవిడ తెల్లకాగితం మడిచి, ఆ మడతలో రాళ్ళను బోర్లా పెట్టి పక్కనుంచి చూసింది.

"ఇది తెలుపు. ఇదేమో పసుపు తిరిగిన తెలుపు. చెవికో రంగుది పెట్టుకోవాలా? ట్రేలో నాణ్యత సర్టిఫికెట్ కూడా ఒక్కటే ఉందేం? రాళ్ళు రెండు కదా?"

సేల్స్‌మన్ ముఖంలో వెటకారం ఆరిపోయింది. "రెండోది తర్వాత తెప్పిస్తామండీ."

"అయితే అప్పుడే కొంటాలే."

బయటికి రాగానే కొడుకు విరుచుకుపడ్డాడు.

"పరువు తీశావు! కంటికి కనపడని తేడాకి ఇంత రాద్ధాంతమా? నీ చెవిలో తల దూర్చి ఎవరు చూస్తారు? దర్జీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు!"

కోడలు "ఏమండీ!" అని గదిమింది. ఆవిడ కొడుకు వైపు తిరిగింది.

"ఏడో తరగతిలో నీ తెల్లచొక్కా గుర్తుందా? కొత్తదని క్లాసంతా తిరిగి చూపించావు."

"అయితే?"

"అది కొత్తగుడ్డ కాదురా. ఊళ్ళోవాళ్ళ చొక్కాలు కుట్టగా మిగిలిన ముక్కలు. పదకొండు. అన్నీ ఒకే తెలుపు కాకపోతే పిల్లలు నిన్ను ఏడిపిస్తారని, వారం రోజులు గుమ్మంలో కూర్చుని జత చూశాను. నీ కంటికి తేడా కనపడలేదంటే, నేను చూశాను కాబట్టి."

అతని కళ్ళు నిండాయి.

"ఇంకో షాపుకి వెళ్దాం అత్తయ్యా," అంది కోడలు. "మీరే మాట్లాడండి. మీ మేనేజరు గారు కారు తుడుచుకుంటూ ఉంటారు."

"నేనూ లోపలికి వస్తానమ్మా. నోరెత్తను. కాగితం పట్టుకుంటా," అన్నాడతను, అరచేత్తో కళ్ళొత్తుకుంటూ.

ఆవిడ తన కొంగు అతని చేతికిచ్చింది.

"ముందు చెయ్యి తుడుచుకో. కాగితం తడిస్తే తెలుపు తేడాగా కనిపిస్తుంది."