పాపిడి చెరిపిన చెయ్యి

పొద్దున్నే ముందుగది తలుపులు తీసి, అద్దం తుడిచి, నిన్నటి తువ్వాళ్ళు మడతపెట్టి, కుర్చీ కింద మిగిలిన జుట్టంతా ఊడ్చి పారబోస్తే గానీ ఆవిడకి టీ గొంతు దిగదు. పదిహేడేళ్ళుగా ఆ ముందుగదే ఆవిడ పార్లరు. మామూలు జడలకంటే జటలు కట్టించుకునేవాళ్ళే అక్కడికి ఎక్కువగా వస్తారు. బోర్డు మీద డ్రెడ్‌లాక్స్ అని రాయించింది గానీ ఇంట్లో అందరూ జటలనే అంటారు. ఆవిడ దువ్వెన తోకతో పాపిడి తీసిందంటే తల మీద చదరంగం బల్ల గీసినట్టు గళ్ళు గళ్ళుగా, వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తుంది. అందుకే జనం స్కేలక్క అని పేరు పెట్టారు. మొదట్లో ఆ పేరు వింటే చిర్రెత్తేది. తర్వాత తర్వాత తనే దాన్ని బోర్డెక్కించింది.

ఆ బోర్డు మీద ఫోటో కూతురిది. పుట్టడమే గుబురు జుట్టుతో పుట్టింది ఆ పిల్ల. దువ్వెన పెడితే పళ్ళు విరిగేవి. చూసినవాళ్ళంతా "తలా అది, పిచ్చుక గూడా?" అనేవారు. అలా పిల్ల పేరే పిచ్చుక అయి కూర్చుంది. పదమూడో ఏట తల్లే ఎదురుగా కూర్చోబెట్టుకుని, రెండు రోజులు ఏకబిగిన ఆ జుట్టును పాయలు తీసి జటలు కట్టింది. ఇప్పుడా పిల్లకి ఇరవై రెండు. జటలు నడుం దాకా దిగాయి. కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం చేస్తోంది.

ఆ రోజు పిచ్చుక గుమ్మం దగ్గర వంగి చెప్పుల పట్టీ పెట్టుకుంటోంది. ఈ నాలుగు నెలలుగా తలకి చుట్టుకుంటున్న స్కార్ఫు ఉతికి ఆరేసింది, ఇంకా తడి ఆరలేదు. వెనకాలే టీ గ్లాసుతో నిలబడ్డ తల్లి కళ్ళు యథాలాపంగా కూతురి నడినెత్తి మీద పడ్డాయి. పడినవి అక్కడే ఆగిపోయాయి.

గీతలు లేవు.

తొమ్మిదేళ్ళ కిందట తను గీసి, మూడు వారాలకోసారి తనే మళ్ళీ మళ్ళీ దిద్దుకుంటూ వచ్చిన గీతలు. ఒక్కటీ లేదు. కుదుళ్ళు ఒత్తుగా లేచి ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. వాటి మధ్య మాడు కనపడటమే లేదు. కొత్తవాళ్ళెవరైనా చూస్తే ఎంత నిండుగా ఉందో అనేవాళ్ళే. ఆవిడకి మాత్రం ఎవడో ఇంట్లో జొరబడి సామానంతా కదిపిపోయినట్టయింది.

"ఆగు."

"టైమవుతోందమ్మా."

"ఆగమన్నానా! ఎవరే నీ తల మీద చెయ్యి పెట్టింది?"

పిచ్చుక చప్పున లేచి నిలబడింది. చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది. "ఎవరూ పెట్టలేదు."

"అబద్ధం ఆడితే అతికినట్టుండాలి. నేను తీసిన పాపిడి నాకు తెలీదా? నీ తల మీద నూట నాలుగు జటలు. కళ్ళు మూసుకుని చెప్తాను ఏది ఎక్కడుందో. ఇక్కడ రెండు పీలవాటిని కలిపి ఒకటి చేశారు. ఇక్కడ గీత మీది వెంట్రుకల్ని ఒకటి ఇటూ ఒకటి అటూ కొక్కెం సూదితో లాగేశారు. నాలుగు నెలలుగా 'తర్వాత కూర్చుంటానమ్మా, తర్వాత కూర్చుంటానమ్మా' అంటుంటే పాపం పిల్లకి షాపులో పని ఎక్కువైందనుకున్నా. ఇదా సంగతి!"

"అమ్మా, సాయంత్రం మాట్లాడుకుందాం."

"సాయంత్రం దాకా నా రక్తపోటు ఆగుతుందా? పక్కవీధి మహాతల్లి దగ్గరికేగా వెళ్ళావు? నా దగ్గర దువ్వెన పట్టుకోవడం నేర్చుకుని, నా వీధి పక్కనే కొట్టు తెరిచిందే, దాని దగ్గరికేగా?"

"ఆవిణ్ణెందుకు మధ్యలోకి లాగుతావు?"

"లాగుతాను, ఈడుస్తాను కూడా! స్కేలక్క కూతురే ఇంకోళ్ళ కుర్చీలో కూర్చుందంటే రేపు నా కుర్చీలో ఎవరు కూర్చుంటారే? హోటలువాడి పిల్లలు ఎదురు హోటల్లో తిన్నట్టుంది!"

టీ గ్లాసు అద్దం ముందు ఠక్కున పెట్టింది. చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. ఇవాళ ఆ కొట్టు ముందు నిలబడి నాలుగూ దులిపితే గానీ ఒంట్లో మంట చల్లారదు. వీధి మెట్టు దిగబోతుంటే వంటింటి వైపు నుంచి మొగుడి గొంతు వినపడింది.

"అక్కడికి వెళ్ళకు. చెయ్యి పెట్టింది నేనే."

ఆయన తాపీమేస్త్రీ. ముప్పై ఏళ్ళు సిమెంటులో నానిన వేళ్ళు బీటలు వారి, ముట్టుకుంటే గరుకు కాగితంలా ఉంటాయి. ఇంట్లో గట్టిగా మాట్లాడితే గోడలకి దెబ్బ తగులుతుందన్నట్టు మసిలే మనిషి. ఆవిడకి కోపం మధ్యలో నవ్వు కూడా వచ్చింది. చేదు నవ్వు.

"మీరా? ఆ చేతులతో నా పిల్ల జుట్టు ముట్టుకున్నారా? పునాది అనుకున్నారా ఏంటి?"

"పునాదే మరి," అన్నాడాయన.

"ఎప్పుడు?"

"గురువారాలు. నువ్వు సరుకులకి వెళ్ళినప్పుడు. పిల్లకీ ఆ రోజే సెలవు కదా. నేనే కాస్త ఆలస్యంగా పనికి వెళ్ళేవాణ్ణి."

"అయ్యో, ఎంత అన్యోన్యం! నేను బస్సులో సంచులు మోసుకుంటూ చస్తుంటే తండ్రీకూతుళ్ళిద్దరూ ఇంట్లో కూర్చుని నా వెనక గోతులు తవ్వుతున్నారన్నమాట!"

మేస్త్రీ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇటుకలు పేర్చినట్టు ఒక్కో మాటా పేర్చాడు.

"నువ్వు గీసేది సందు మీద సందు. నుదుటి దగ్గర మొదలైన గీత మెడ దాకా ఎక్కడా విరగకుండా పోతుంది. చూడ్డానికి ముచ్చటే. నేను ఇటుకలు అలా పేరిస్తే మాత్రం ఇంజనీరు నన్ను ఆ గోడకే కట్టేస్తాడు. పై వరస ఇటుక కింది రెండిటి సందు మీద కూర్చోవాలి. అప్పుడు గీత గీతలో కలవదు, కంటికి ఆనదు. పిల్ల చిన్నప్పుడు జటలు బెత్తెడు. తేలిక. ఇప్పుడు నడుం దాకా బరువు. అంత బరువూ చిటికెడు కుదురు పట్టుకుని వేలాడుతోంది. దాన్ని మూడు వారాలకోసారి నువ్వు మళ్ళీ మెలిపెడుతున్నావు."

"ఇదంతా మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"చూసినప్పుడల్లా కంట్లో నలుసులా ఉండేది."

"తొమ్మిదేళ్ళు కంట్లో నలుసుంటే నోట్లో ఏం పెట్టుకున్నారు? సిమెంటా?"

"నా గోడల జోలికి నువ్వెప్పుడూ రాలేదు. నీ పని జోలికి నేనెందుకు రావాలనుకున్నా." ఆయన తల దించుకున్నాడు. "తప్పే."

"తప్పే అంట! ఎంత తేలిగ్గా అన్నారండీ! ఊరందరి ముందు నా చెయ్యి బంగారం అని తలూపి, ఇంట్లో నా కూతురికి నా చెయ్యి చెడ్డదని చెప్తారా?"

"నాన్న మీద అరవకు!" పిచ్చుక గొంతు ముందుగదంతా మోగింది. ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం తల్లి ఎప్పుడూ వినలేదు. "నాన్న చెప్పలేదు. నేనే అడిగాను. ఇలా రా. ఇక్కడ చూడు."

ఎడమ చెవి మీది జటల్ని చేత్తో పైకెత్తింది. అక్కడ బొటనవేలంత మేర నున్నటి చర్మం. దాని మీద ఇప్పుడిప్పుడే నూగు మొలుస్తోంది.

"ఏంటిది?"

"అక్కడుండాల్సిన జట. షాపులో రోజంతా అద్దాల మధ్య నిలబడతాను నేను. ఓ రోజు చిన్నపిల్ల ఒకతి కొత్త కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూసి, 'అక్కా, నీ తల మీద రోడ్లెందుకున్నాయి' అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం ముడి విప్పితే ఆ జట చేతిలోకి వచ్చేసింది, కుదురుతో సహా. వెనక గదిలో అట్టపెట్టెల మధ్య కూర్చుని ఏడ్చాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పలేదా? మూడుసార్లు చెప్పాను. నొప్పిగా ఉందమ్మా అంటే, 'బిగువు లేనిదే నిగ్గు లేదు' అన్నావు. పల్చబడుతోందమ్మా అంటే, పల్చబడిన చోటే ఇంకో రెండు మెలికలు ఎక్కువ తిప్పావు. తలగడ మీద తల ఆనించలేక కూర్చుంటే మాత్ర ఇచ్చి నీళ్ళు కూడా నువ్వే తాగించావు. ఇంకెలా చెప్పాలమ్మా నీకు?"

ఆవిడ నోరు తెరిచింది. ఏదో ఒకటి అనాలి. మాట తోచకపోతే కోపం ఇంకా పెరిగే స్వభావం ఆవిడది. "సరే, నేనే రాక్షసిని. ఆ బోర్డు మీద నీ ఫోటో కూడా పీకేస్తా. ఇద్దరూ సుఖంగా ఉండండి!" అంటూ గిరుక్కున తిరిగింది.

తిరిగేసరికి ఎదురుగా మెట్టు మీద టీచరమ్మ నిలబడి ఉంది. మూడేళ్ళుగా మూడు వారాలకోసారి, బడికి వెళ్ళే ముందు వచ్చే మనిషి. జుట్టు పండినా ఒత్తు తగ్గలేదని మురిసిపోతూ, యాభై దాటాక ముచ్చటపడి జటలు కట్టించుకుంది.

"ఏంటమ్మా, గొంతులు వీధి చివరిదాకా వినపడుతున్నాయి. తర్వాత రానా?"

"అబ్బే, రండి టీచరుగారూ. ఇంట్లో మామూలే."

టీచరమ్మ కుర్చీలో కూర్చుంది. స్కేలక్క ఆమె భుజాల మీద తువ్వాలు కప్పి, జటలు బిగించే జిగురు డబ్బా మూత తీసి, దువ్వెన అందుకుంది. పిచ్చుక ఉద్యోగానికి వెళ్ళలేదు. లోపలి గుమ్మంలో తండ్రి పక్కనే నిలబడి చూస్తోంది. చూడనీ, అనుకుంది ఆవిడ కసిగా. ఈ చెయ్యి ఏం చెయ్యగలదో చూడనీ.

"చెవుల పైన కాస్త గట్టిగా పట్టమ్మా," అంది టీచరమ్మ. "అక్కడ మరీ పల్చనైపోతోంది. వయసనుకో."

వయసు అన్న మాట స్కేలక్కదే. పోయినసారీ అంది, అంతకుముందూ అంది. అలవాటుగా చెవి మీది పాయ పైకెత్తింది. నున్నగా, మెరుస్తూ మాడు కనపడింది. అదే చోటు. రెండో వైపు ఎత్తింది. అక్కడా అంతే. వయసు రెండు చెవుల పైనా ఒకే కొలతలో రాదు. ఒకే కొలతలో వచ్చేది ఆవిడ చెయ్యే.

దువ్వెన కింద పెట్టింది.

"టీచరుగారూ, ఇది వయసు కాదు."

"మరి?"

"నేను. బిగించి బిగించి నేనే ఊడగొట్టాను."

టీచరమ్మ అద్దంలోంచి ఆవిణ్ణి చూసింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

"మూడేళ్ళుగా వయసు, వయసు అని నా మొహం మీదే చెప్పావే! నేను డాక్టర్ల చుట్టూ తిరిగాను. రక్తం తీయించుకున్నాను. మా ఆయన గుండూ అని పిలిచి నవ్వుతుంటే నేనూ నవ్వాను!"

"తప్పు నాదేనండి."

"నీదని ఒప్పేసుకుంటే మొలుస్తుందా?"

"కుదురు చచ్చిపోని చోట మొలుస్తుందండి. రెండు నెలలు నా దగ్గరికి రాకండి. జిగురు పెట్టకండి. కడిగి ఆరబెట్టి వదిలెయ్యండి. కొన్నాళ్ళు చింపిరిగా ఉంటుంది. ఉండనివ్వండి. పాపిళ్ళు వాటంతటవే కలిసిపోతాయి. ఆ తర్వాత వస్తే పీలగా ఉన్నవాటిని రెండేసి కలుపుతాను. గీతలు మాత్రం ఇంక దిద్దను."

చెప్తుంటే ఆవిడకే ఆశ్చర్యం వేసింది. ఇదంతా ఎవరో నేర్పిన సంగతి కాదు. జుట్టు పట్టుకున్నన్నాళ్ళుగా చేతికి తెలిసిందే. గీత తిన్నగా వచ్చినప్పుడల్లా అద్దంలో మనిషి "అబ్బ!" అనేది. ఆ "అబ్బ" కోసం చేతికి తెలిసినదాన్ని చెవిన పెట్టలేదు.

టీచరమ్మ తువ్వాలు తీసి కుర్చీ మీద పడేసింది. "ఈ మాట ఇంకెవరైనా అని ఉంటే నీ తరఫున వాళ్ళతో పోట్లాడేదాన్ని," అని విసవిసా మెట్లు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

ఆవిడ అద్దం వైపు తిరిగి జిగురు డబ్బాకి మూత పెడుతోంది. మూత సరిగ్గా పడటంలేదు. మళ్ళీ పెట్టింది. భుజాలు కదలడం చూసి మేస్త్రీ ఒక అడుగు ముందుకు వేశాడు.

"రాకండి," అందావిడ వెనక్కి తిరక్కుండానే. "మీ మీద కోపం అలాగే ఉంది. మొదటి రోజే గట్టిగా అని ఉంటే నాతో పోట్లాట అయ్యేది. పోట్లాటే కదా! పిల్ల తల దక్కేది."

"అవును," అన్నాడాయన. అక్కణ్ణుంచి మాత్రం కదల్లేదు.

పిచ్చుక చెప్పులు విప్పింది. ఫోనులో షాపుకి ఆలస్యంగా వస్తానని చెప్పింది. వచ్చి కుర్చీలో ఉన్న తువ్వాలు తీసి, తనే కూర్చుంది.

"వెనక వైపు నాన్న చెయ్యి సరిగ్గా తిరగలేదు," అంది. "మెడ మీద మూడు వరసలు ఇంకా అలాగే ఉన్నాయి. చూస్తావా?"

ఆవిడ కదల్లేదు. "నాకు భయంగా ఉందే. ఈ చేతులకి వదులు తెలీదు. తెలీకుండానే బిగిస్తాను."

"బిగిస్తే అరుస్తాను."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని కూతురి వెనక నిలబడింది. నాలుగు నెలల తర్వాత వేళ్ళు ఆ జుట్టులోకి వెళ్ళాయి. మొగుడి మొరటు చెయ్యి వేసిన వరసలు తగిలాయి. అక్కడక్కడా వంకర. అయినా కుదుళ్ళు నిండుగా, వెచ్చగా ఉన్నాయి. మెడ దగ్గరికొచ్చి మొదటి పాయ పట్టుకోగానే వేళ్ళు అలవాటు కొద్దీ మెలిక తిప్పబోయాయి.

"అమ్మా!"

చటుక్కున వదిలేసింది.

"అలాగే అరువమ్మా," అంది, కన్నీళ్ళు కూతురి నెత్తి మీద రాలుతుంటే. "ఇప్పుడు వినపడింది. ప్రతిసారీ అలాగే అరిచి చెప్పు."